బందరులో వలందుల సమాధుల దగ్గర ఒక పూట

మచిలీపట్నం అంటే అందరికీ లడ్డూ, మంగినపూడి బీచ్ గుర్తొస్తాయి. ఈసారి నాన్నా నేనూ వలందుల, అంటే డచ్చివాళ్ల సమాధుల కోసమే వెళ్లాం. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లు. రైలు ఉంది కానీ పెద్దవాళ్లతో అయితే బస్సే నయం, టైము చూసుకోకుండా ఎక్కొచ్చు.

మేం వెళ్లేసరికి గేటుకి తాళం. తాళం మనిషి వచ్చేసరికి అరగంట పట్టింది. నాన్నని ఎండలో నిలబెట్టానని నాకు ఒకటే టెన్షన్. ఎదురింటావిడ చూసి, "లోపలికొచ్చి కూర్చోండి బాబాయిగారూ" అని కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. పొద్దున్నే చల్లటి వేళ వెళ్లండి, తాళం సంగతి ముందే కనుక్కోండి.

లోపలికి వెళ్లాక ఆ అరగంట మర్చిపోయాం. ఆ రాళ్ల మీద అక్షరాలు లోపలికి చెక్కినవి కావు. చుట్టూ రాయి తొలిచి, అక్షరాన్ని పైకి తేల్చారు. వాటి పైన వంశ చిహ్నాలు. నాన్న వేలితో తడుముతూ సంవత్సరాలు చదివారు. 1600ల నాటివి. సముద్రపు గాలికి ఇన్నేళ్లు నిలిచిన ఆ పనితనం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

వీళ్లు ఇంత దూరం రావడానికి కారణం మన బట్ట. ఇండోనేషియా దీవుల్లో మసాలా దినుసులు కొనాలంటే అక్కడ వెండి కంటే కోరమాండల్ గుడ్డకే, అంటే మన తూర్పు తీరపు గుడ్డకే గిరాకీ. అందుకే డచ్చి కంపెనీ 1605లో ఇక్కడికొచ్చి, గోల్కొండ సుల్తాను అనుమతితో కొఠీ (వర్తక స్థావరం) పెట్టుకుంది. 1611లో ఇంగ్లీషువాళ్లు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చారు. 1824 ఒప్పందంతో మన దేశంలోని డచ్చివాళ్ల చోట్లన్నీ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. ఊళ్లో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఆటో ఎక్కి ఆ పేటలు ఓసారి తిరగండి, సమాధులు ఇంకా బాగా అర్థమవుతాయి.

నాకు మాత్రం మనసులో ఒకటి మెదులుతూనే ఉంది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ఊరూ చుట్టుపక్కలా కలిపి 30 వేల మంది దాకా పోయారు. వాళ్లలో ఎంతమందికి పేరు చెక్కిన రాయి దక్కి ఉంటుంది? ఈ వర్తకులకు గుడ్డ నేసిచ్చిన సాలెవాళ్ల పేర్లూ ఎక్కడా లేవు. సమాధులు చూశాక పెడన వెళ్లి కలంకారీ అద్దకం చూడమని అందుకే గట్టిగా చెబుతున్నాను. దగ్గరే. చెక్క అచ్చు గుడ్డ మీద పడే చప్పుడు వింటూ ఓ గంట కూర్చోండి.

బస విషయానికొస్తే, మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు రాలేదు. అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు. లిఫ్టు, మంచి పరుపు కావాలనుకునేవాళ్లు విజయవాడలో దిగి పొద్దున బయల్దేరడం మేలు. భోజనానికి ఢోకా లేదు.

ఆ రాతల్ని తెలుగులో చదివి చెప్పే మనిషి మాకు దొరకలేదు. ఒక రాయి మీది పేరుని మాత్రం నాన్న అక్షరం అక్షరం చూసుకుంటూ తన డైరీలో రాసుకున్నారు. తిరుగు బస్సులో లడ్డూ పొట్లం నా ఒళ్లో పెట్టి, మళ్లీ ఆ పేజీ తీశారు.