సిగార్లు, హ్యుమిడార్ (సిగార్లు ఎండిపోకుండా తేమ నిలిపి ఉంచే పెట్టె) కొత్తగా కొనేవాళ్లు కాస్త ఆగండి. నావి 15,500 పోయాయి

అమ్మినవాడి పేరు రాయట్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో సిగార్ల కోసం వెతికిన మన నల్గొండ, పాలమూరు, హైదరాబాద్ వాళ్లకి ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది. నల్ల గుడ్డ మీద సిగార్లు పేర్చి ఫొటోలు పెట్టే పేజీ. "ఫస్ట్ హ్యుమిడార్ కాంబో" అని రోజూ స్టోరీ పెట్టే పేజీ. అదే.

నిన్న రాత్రి జరిగింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి, వరుస తప్పితే ఏమనుకోకండి.

పోయిన దసరాకి అక్కావాళ్లు దుబాయ్ నుంచి వచ్చినప్పుడు బావ రెండు సిగార్లు తెచ్చాడు. డాబా మీద కూర్చొని గంటసేపు మెల్లగా కాల్చాం. నచ్చింది. సిగరెట్ అలవాటు లేదు నాకు, ఇది మాత్రం రెండు నెలలకి ఒకటి చాలనుకున్నాను. ఒంటికి మంచిది కాదని తెలుసు, ఆ మాట వేరు. ఈసారి బావ వచ్చేసరికి నా ఇంట్లో, నా పెట్టెలోంచి ఒక మంచి సిగార్ తీసి ఆయన చేతిలో పెట్టాలని ఆశ. దానికోసమే కొన్నాను. హ్యుమిడార్ 6,500, కోహీబా అనే క్యూబా బ్రాండ్ పేరుతో పది సిగార్ల పెట్టె 9,000. ఏప్రిల్‌లో ఫోన్‌పే చేశాను. డబ్బు వెళ్లిన ఖాతా పేరు పేజీ పేరు కాదు, వేరే ఎవరిదో. అప్పుడే ఆగాల్సింది. ఆగలేదు.

కొనేముందు అతన్ని ఒక్కటే అడిగాను. "నాకు దీని గురించి ఏమీ తెలియదు, మీరే చెప్పండి, ఏం చేయాలి?" అని. "ఏం లేదు బ్రదర్, స్పాంజిలో నీళ్లు పోయండి, సిగార్లు పెట్టండి, మూత వేయండి, తేమ మీటర్ 70 చూపిస్తే చాలు" అన్నాడు. ఏ నీళ్లు అని కూడా అడిగాను. "నల్లా నీళ్లు చాలు" అన్నాడు.

నల్గొండలో ఉండి ఆ మాట నేనెట్లా నమ్మానో! మా బోరు నీళ్లు కాచిన గిన్నెకి అడుగున తెల్లగా పెంకు కడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి కనిపెట్టిన పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు, అలాంటి జిల్లా మాది. ఆ రోజు నల్లా రాలేదని బోరు నీళ్లే పోశాను. రెండు వారాల్లో స్పాంజి మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర వచ్చింది, ఆ తర్వాత నీళ్లు పీల్చడమే మానేసింది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలట. సిగార్లు అమ్మేవాడికి ఇది తెలియకుండా ఉంటుందా?

ఆ మీటర్ సంగతి ఇంకా అన్యాయం. మూతకి గుండ్రంగా బంగారు రంగులో ముల్లు ఉన్న మీటర్. నెలన్నర పాటు రోజూ పొద్దున్నే చూసేవాణ్ణి, ఎప్పుడూ 70 మీదే. సంతోషపడేవాణ్ణి. మే నెల, బయట 44 డిగ్రీలు, వడగాలి, పెదాలు పగిలే ఎండ, అయినా లోపల 70 ఉందంటే పెట్టె ఎంత గట్టిదో అనుకున్నాను. ఒకరోజు తుడుస్తుంటే మీటర్ ఊడి చేతిలోకి వచ్చింది. టీవీ పక్కన పెట్టి మర్చిపోయాను. సాయంత్రం చూస్తే అక్కడా 70. వంటింట్లో పెట్టినా, మధ్యాహ్నం ఎండలో గోడ మీద పెట్టినా 70. గుండె జారిపోయింది. 350 పెట్టి చిన్న డిజిటల్ మీటర్ తెప్పించి, ముందు దాన్ని పరీక్ష చేశాను. సీసా మూతలో ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో తడిపి ముద్దలా చేసి, మీటర్‌తో కలిపి జిప్ కవర్‌లో మూసి ఒక రోజు ఉంచితే 75 చూపించాలి. 74 చూపించింది. దాన్ని హ్యుమిడార్‌లో పెడితే 41. సిగార్లకి కావాల్సింది 65 నుంచి 70.

అప్పటికే మూడు సిగార్ల పైఆకు పగిలిపోయింది. పట్టుకుంటే ఎండుటాకులా చప్పుడు.

అతనికి మెసేజ్ పెడితే రెండు రోజులకి ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. అంతే. నేను కూడా ఊరుకున్నాను, బావ వచ్చాక ఆయన్నే అడుగుదామని.

బావ మొన్న దిగాడు. నిన్న రాత్రి భోజనాలయ్యాక పెట్టె తీసి ముందు పెట్టాను. ఆయన మూత ఎత్తి, వాసన చూసి, ఏమీ అనకుండా మూశాడు. మళ్లీ తెరిచాడు. "ఏరా, వార్నిష్ వాసన వస్తుందేంది?" అన్నాడు. లోపలి చెక్క స్పానిష్ సీడార్ అని కదా నాకు అమ్మింది. ఆ చెక్క స్పెయిన్‌ది కాదు, అసలు సీడారే కాదు, మధ్య, దక్షిణ అమెరికాలో పెరిగే మహాగని కుటుంబపు చెట్టు. తేమని పట్టి ఉంచుతుంది, దానికో మంచి వాసన ఉంటుంది, అందుకే హ్యుమిడార్లకి అదే వాడతారు. బావ తాళంచెవితో మూల దగ్గర కొంచెం గీకితే కాగితమంత పలచటి పొర లేచింది. కింద రంపపు పొట్టులాంటి బోర్డు. తర్వాత ఒక పది రూపాయల నోటు మూత అంచులో పెట్టి మూసి లాగమన్నాడు. పట్టుకోనే లేదు, జారి వచ్చేసింది. లోపల ఫోన్ టార్చ్ పెట్టి లైట్లు ఆర్పితే ఒక పక్క సందంతా వెలుగు. మూతకున్న గాజు చుట్టూ కూడా.

ఇంకో మాట, కొత్త హ్యుమిడార్‌లో వచ్చిన రోజే సిగార్లు పెట్టకూడదట. చెక్క ఎండిపోయి ఉంటుంది, సిగార్లలోని తేమ అదే లాగేస్తుంది. తేమని 84 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు రెండు వారాలు లోపల ఉంచి, చెక్కకి దాహం తీరాకే సిగార్లు. ఇది కూడా అతను చెప్పలేదు.

ఇక కోహీబా. బావ పెట్టె చూడగానే నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ. "దీనికి గాజు మూత ఉందిరా" అన్నాడు. గాజు మూతతో కోహీబా పెట్టె క్యూబా నుంచి ఎప్పుడూ రాలేదట, అది కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, నకిలీయే. అసలు పెట్టె అడుగున "క్యూబాలో తయారీ, పూర్తిగా చేత్తో చుట్టినది" అని స్పానిష్‌లో కాల్చి ముద్ర వేస్తారు. పక్కన ఆకుపచ్చ గ్యారంటీ సీలు, బార్‌కోడ్ ఉంటాయి. ఆ నంబర్ క్యూబా సిగార్లు అమ్మే హబనోస్ కంపెనీ సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. నా పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ ఉంది. మన దేశంలో పొగాకు పెట్టె మీద ఉండాల్సిన బొమ్మ హెచ్చరిక కూడా లేదు. అంటే దొంగదారిన వచ్చిన సరుకు, లేకపోతే ఇక్కడే ఎక్కడో చుట్టింది. ఒక సిగార్‌ని బ్లేడుతో నిలువునా చీల్చాడు. మంచి సిగార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి పొడుగాటి ఆకులుంటాయి. దీంట్లోంచి చూర రాలింది, ఈనెలు రాలాయి. అసలు కోహీబా ఒక్కటే వేలల్లో ఉంటుంది. పది కలిపి 9,000కి ఎట్లా వస్తాయని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఇది తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

అప్పుడు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను, బావ పక్కనే ఉన్నాడు, అక్క తలుపు దగ్గర నిలబడింది. మర్యాదగానే మాట్లాడాను, ఒట్టు. "అన్నా, ఇట్లా ఉంది పెట్టె, సిగార్లు కూడా ఒరిజినల్ కావు, డబ్బులు వాపస్ ఇవ్వండి" అన్నాను. "పొగాకుకి రిటర్న్ ఉండదు" అన్నాడు. పోనీ హ్యుమిడార్ అయినా తీసుకోమన్నాను. "మీరే ఖరాబు చేసుకున్నరు" అన్నాడు. బిల్లు పంపమంటే కాసేపు మాటలేదు. ఆ తర్వాత అన్నాడు చూడండి:

"నల్గొండల ఉంటూ మీకు కోహీబాలు, హ్యుమిడార్లు ఎందుకన్నా? చుట్టలు తాగుండ్రి, మంచిగుంటయ్."

అని పెట్టేశాడు. వెనక ఎవరో నవ్విన చప్పుడు కూడా వినిపించింది.

బావ ముందర. ఇంటికొచ్చిన బావ ముందర. ఆయన నా భుజం మీద చెయ్యేసి "పోనీలేరా" అన్నాడు. అక్క లోపలికి వెళ్లిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, డబ్బుకి కాదు, ఆ మాటకి.

మా తాత చుట్ట తాగేవాడు. పొద్దంతా పొలంలో ఉండి, చీకటిపడ్డాక అరుగు మీద కూర్చుని ఒకటి వెలిగించేవాడు. చుట్టలు ఎండిపోకుండా మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పెట్టుకునేవాడు, ఆ డబ్బా మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. చుట్ట కూడా ఆకుని ఆకులో చుట్టిందే. ఇంగ్లీషువాళ్ల చెరూట్ అనే మాట తమిళుల చురుట్టు నుంచి పోయిందే. చుట్ట తాగడం తక్కువతనం అని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నాకు ఏమీ తెలియదని నమ్మి అడిగాను, ఆ తెలియనితనాన్ని అమ్ముకున్నాడు, చివరికి నా ఊరిని ఎత్తి మాట్లాడాడు. ఎన్ని రోజులైనా ఇది మర్చిపోలేను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నాకు తెలిసింది ఇంతే. ముందు హ్యుమిడార్ కొనకండి. గాలి చొరబడని మంచి ప్లాస్టిక్ డబ్బా, అందులో 65 శాతం తేమ ప్యాకెట్ ఒకటి, డిజిటల్ మీటర్ ఒకటి, వెయ్యి లోపల అయిపోతుంది. ఇంట్లో చల్లగా ఉండే చోట పెట్టండి, వేడి 25 డిగ్రీలు దాటితే పొగాకులో ఉండే గుడ్లు పగిలి పురుగులు వస్తాయి, మన ఎండాకాలంలో అది చాలా సులువు. సిగార్లు బిల్లు ఇచ్చే దుకాణంలో, ఒకటో రెండో కొనండి. ఎవరైనా గాజు మూత ఉన్న కోహీబా పెట్టె చూపిస్తే వెనక్కి వచ్చేయండి.

నేను పొద్దున్నే 1915కి (వినియోగదారుల హెల్ప్‌లైన్), 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) రెండింటికీ ఫిర్యాదు చేశాను. చాట్లు, డబ్బు పంపిన రసీదు, ఉప్పు పరీక్ష ఫొటోలు, చీల్చిన సిగార్ ఫొటో అన్నీ దాచాను. ఇదే పేజీలో కొని ఇట్లాగే మోసపోయినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, డబ్బు వెళ్లిన ఖాతా పేరు ఒకటేనా కాదా చూసుకుందాం. ఇద్దరు ముగ్గురు కలిసినా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం, నేను వస్తాను.