మా 1986 అంబాసిడర్‌ని ఆపేసిన బెత్తెడు వైరు

మాది అంబాసిడర్ మార్క్ 4, 1986 మోడల్. 1489 సీసీ పెట్రోలు ఇంజను, గేరు స్టీరింగ్ పక్కనే. నాన్నగారు కొన్న బండి ఇది, 1999 నుంచి నేను నడుపుతున్నాను. విజయనగరం నుంచి అటు సాలూరు, ఇటు టెక్కలి దాకా పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ తిరిగింది. 2014లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయాక, ఇంకా ఎందుకు, అమ్మేయమని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. అమ్మలేదు.

వాడకం సంగతి ముందు చెప్పేస్తాను. వెనక సీటు ఇప్పటికీ దీనికి సాటి లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగుతుంది. గుంతల రోడ్డు మీద నడుం నొప్పి తెలియదు. స్టీరింగ్ బరువు, ఎండాకాలం కాళ్ల దగ్గర వేడి, లీటరుకి నాకు తొమ్మిది కిలోమీటర్లకి మించి రాదు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టేలా కరెంటు కలిపి తెంచే పాయింట్లు, వాటికి తోడుండే కండెన్సర్ లాంటివి విశాఖలో దొరుకుతున్నాయి గానీ పాతవాటంత మన్నడం లేదు.

ఇక అసలు విషయం. ఈ బండి నన్ను దారిలో ఆపేసిన సందర్భాలు లెక్కేస్తే, ఎక్కువ భాగం ఏదో ఒక రిపేరు చేయించిన కొద్ది రోజులకే జరిగాయి. ఒకసారి క్లచ్ ప్లేటు మార్చాక ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ బిగించడం మరిచిపోయారు. సెల్ఫ్ నీరసంగా తిరిగేది, చోక్ కేబుల్ ముట్టుకుంటే కాలేది. కరెంటు వెళ్లడానికి వేరే దారి లేక ఆ కేబుల్ గుండా వెళ్లింది. అది తొందరగానే దొరికింది. మొన్నటిది మాత్రం చాలా టెన్షన్ పెట్టింది.

సంక్రాంతికి ఊళ్లన్నీ తిరిగాక మా ఊళ్లోనే ఒక షెడ్డులో ట్యూనింగ్ చేయించాను. ప్లగ్గులు, కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్ కొత్తవి వేశారు. పన్నెండు రోజులు బండి కొత్తదానిలా నడిచింది. మాఘ ఆదివారం అమ్మని అరసవల్లి తీసుకెళ్తూ నాతవలస దగ్గర హైవే ఎక్కాం. రణస్థలం దాటాక ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది. పక్కకి తీసి సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయింది. న్యూట్రల్‌లో ఎంతసేపైనా ఆడుతుంది. కదిలి కాస్త యాక్సిలరేటర్ ఇచ్చామంటే మళ్లీ ఆగిపోతుంది.

హైవే పక్క మెకానిక్ పెట్రోలు సమస్యే అన్నాడు. ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు పాడవడం నేనూ చూశాను కాబట్టి నమ్మాను. ఫిల్టర్ మార్చాడు, పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్‌లోని సన్నని రంధ్రాలు (జెట్లు) ఊదాడు, 1200 తీసుకున్నాడు. రెండు కిలోమీటర్లు వెళ్లామో లేదో అదే వరస. వెనక లారీలు హారన్ కొడుతుంటే, బండిలో పెద్దావిడ ఉంటే, ఆ భయం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఎలాగో చిలకపాలెం చేరాం. అక్కడ ఒక పెద్దాయన, పాత బళ్లు చేసిన చెయ్యి. బానెట్ ఎత్తకముందే అడిగారు: "బాబూ, ఆగినప్పుడు ఎలాగ ఆగింది? గుంజుకుంటూ ఆగిందా, ఠక్కుమని ఆగిందా?"

"ఠక్కుమనే మేస్త్రి గారూ, తాళం తిప్పేసినట్టు."

"అయితే పెట్రోలు కాదు, కరెంటే. మొన్న ఏటి మార్చారు?"

ఈ రెండు ప్రశ్నలూ నాకు బాగా పట్టాయి. పెట్రోలు అందకపోతే బండి దగ్గుతూ, కుదుపులతో బలం తగ్గి ఆగుతుంది. కరెంటు తెగితే ముందు ఏ సూచనా ఉండదు.

ఆయన ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలున్న పాయింట్లు కనిపించాక, ఇంజను కొంచెం తిప్పి పాయింట్లు పూర్తిగా మూసుకునేలా పెట్టారు. పన్నెండు వోల్టుల చిన్న బల్బుకి రెండు వైర్లు. ఒకటి ప్లగ్గుల కోసం వోల్టేజీ పెంచే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే టెర్మినల్‌కి, రెండోది బాడీకి. తాళం ఆన్ చేశారు. పాయింట్లు మూసి ఉంటే కరెంటు అటే పోతుంది కాబట్టి బల్బు వెలగకూడదు, వెలగలేదు. తర్వాత ఇంజను పీల్పుని (వ్యాక్యూమ్) కార్బొరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి తెచ్చే సన్నని వ్యాక్యూమ్ పైపు ఊడదీసి నోటితో పీల్చారు. లోపల పాయింట్ల ప్లేటు కొద్దిగా తిరిగింది. పాయింట్లు మూసే ఉన్నాయి, అయినా బల్బు వెలిగింది. పైపు వదిలేస్తే ఆరిపోయింది.

ఆ ప్లేటుకీ బయటి టెర్మినల్‌కీ మధ్య ఒక బెత్తెడు వైరు ఉంటుంది. ప్లేటు అటూ ఇటూ తిరిగే కొద్దీ అది వంగుతుండాలి. అందుకే కంపెనీ వైరులో దారాల్లాంటి సన్నని తీగలు చాలా ఉంటాయి. ట్యూనింగ్ చేసినప్పుడు దాని బదులు ఇళ్లలో వాడే బిరుసు వైరు వేశారు. వంగి వంగి, పై తొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగింది. న్యూట్రల్‌లో ప్లేటు కదలదు, తెగిన కొసలు తగిలే ఉంటాయి. యాక్సిలరేటర్ ఇస్తే వ్యాక్యూమ్ ప్లేటుని లాగుతుంది, కొసలు విడిపోతాయి. ఇంజను ఆగాక ప్లేటు వెనక్కి వస్తుంది, మళ్లీ స్టార్ట్! కార్బొరేటర్ మీద అనుమానం వచ్చేలా చేసింది సరిగ్గా ఇదే.

మెత్తని వైరు వేసి, పాయింట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటరుకి సరిచేసి, టైమింగ్ చూసి పంపారు. ఆ వైరు దొరకని చోట అయితే వ్యాక్యూమ్ పైపు తీసేసి, కార్బొరేటర్ వైపు కొస మూసి, నెమ్మదిగా ఇంటికి చేరొచ్చని చెప్పారు.

ఆ సాయంత్రం అమ్మకి దర్శనం అయింది. ఆ తర్వాత మూడు వేల కిలోమీటర్లు తిరిగాను, ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు ఏ షెడ్డులో బండి ఇచ్చినా పక్కనే నిలబడతాను. తీసిన పాత పార్టు ప్రతిదీ ఇంటికి తెచ్చుకుంటాను. డ్యాష్‌బోర్డ్ అరలో రెండు వైర్ల బల్బు, మూరెడు మెత్తని వైరు ఉంచాను. బండి ఇప్పటికీ అమ్మడం లేదు.