మెనూలో 280, గిన్నెలో 575: కేలరీలు లెక్కేసుకుంటూ విజయవాడ నుంచి అరకు దాకా

విజయవాడ బస్టాండుకు దగ్గర్లో మేం దిగిన హోటల్లో గది 2,650 రూపాయలు. గది శుభ్రంగానే ఉంది, ఏసీ పనిచేసింది. నా కోపమంతా కింద ఉన్న రెస్టారెంటు మీదే. మెనూలో 'హెల్దీ' అని ఒక పేజీ వేసి, ప్రతి వంటకం పక్కన కేలరీలు రాశారు. కొర్రల కిచిడీ 349 రూపాయలు, 280 కేలరీలు. రోజుకు 1,500 దాటొద్దని డాక్టరు చెప్పారు కాబట్టి ఆ అంకె చూసే నేను అది తెమ్మన్నాను.

వచ్చిన గిన్నెలో నెయ్యి తేలుతోంది. పైన జీడిపప్పు ధారాళంగా చల్లారు. బయట తినాల్సి వచ్చినప్పుడు నా బ్యాగులో చిన్న డిజిటల్ కాటా ఉంటుంది. అలాంటిదే ఖాళీ గిన్నె ఒకటి తెప్పించి, దాని బరువు తీసేస్తే కిచిడీ 430 గ్రాములు తూగింది. ఇంట్లో కొర్రలు, పెసరపప్పు కలిపి 100 గ్రాములు వండితే దాదాపు అంతే అవుతుంది. వాటికే 350 కేలరీలు. నెయ్యి తక్కువలో తక్కువ మూడు చెంచాలు, 135. జీడిపప్పుకు 90. మొత్తం 575, అంటే రాసినదానికి రెట్టింపు.

మేనేజర్ని పిలిచి, "ఈ 280 ఎంత పరిమాణానికండీ?" అని అడిగాను. "కేలరీల యాప్‌లో ఉన్నదే వేశాం మేడమ్. ఇన్ని తూకాలేసుకునేవాళ్ళు ఇంట్లోనే తినాలి" అన్నాడు, పక్క టేబుల్ వాళ్ళకి వినపడేలా. "వదిలెయ్, ఊరు కాని ఊళ్ళో గొడవెందుకు" అన్నారు మావారు. మా వదినగారు మాత్రం ఊరుకోలేదు. బిల్లులో కలిపిన సర్వీస్ ఛార్జి తీసేసేదాకా కుర్చీలోంచి కదల్లేదు.

10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళు, కేంద్ర లైసెన్సు ఉన్నవి మెనూలో కేలరీలతో పాటు అవి ఎంత వడ్డనకో కూడా చూపించాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. కేంద్ర లైసెన్సు లేకుండా ఒక్క హోటలే నడిపేవాళ్ళకి ఆ బలవంతం లేదు. లేనప్పుడు రాయకుండా ఊరుకోవచ్చు కదా! తప్పుడు అంకె చూపించి 349 తీసుకోవడం మోసమే. ఆ అంకె నమ్మి, రాత్రికి ఇంకో రెండు చపాతీలు తినొచ్చనుకునే షుగరు మనిషి సంగతేంటి? పరిమాణం రాయని కేలరీల అంకెను నమ్మకండి.

రాజమండ్రి ప్రయాణం హాయిగా సాగింది. అక్కడ స్టేషన్ వెనక వీధిలో ఒక మెస్సు, అరిటాకు భోజనం 160 రూపాయలు. అన్నం సంగతి సులువే, వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు. కంటికి కనపడనిది నూనె. పెద్ద చెంచా నూనెకే 120. అందుకే యాప్‌లో 'ఆంధ్రా భోజనం' అని వెతికితే వచ్చే అంకెలతో నాకు పని లేదు, ఎవరి చేతి వంటో దానికేం తెలుసు? వడ్డిస్తున్న పెద్దావిడనే అడిగాను. ఆవిడ నవ్వి, "నాలుగు లీటర్లండి, నూట ఇరవై భోజనాలకి. వంకాయ వేపుడున్న రోజు ఇంకో లీటరు పడుతుందండి" అన్నారు. అంటే మనిషికి 33 మిల్లీలీటర్లు, దాదాపు 270 కేలరీలు. అన్నం 300 గ్రాములు 390, పప్పుకు 100, పెరుగుకు 60, కూరలూ పచ్చళ్ళకు 80, ఒక చెంచా నెయ్యి 45. మొత్తం 950 అని రాసుకుని, ఆ రాత్రి మజ్జిగతో సరిపెట్టాను. పప్పు గోంగూర ఎంత బాగుందో చెప్పలేను. ఏ హోటల్లోనైనా వంటవాళ్ళని అడగాల్సింది ఇదే, రోజుకి ఎంత నూనె, ఎన్ని భోజనాలు. దాపరికం లేనివాళ్ళు చెప్తారు.

వదినగారు ఆత్రేయపురం పూతరేకులు కొన్నారు. రేకుకి బరువే ఉండదు, లోపలిదంతా పంచదార, నెయ్యి. ఒకటి 40 గ్రాములు తూగింది. దానికి 200 కేలరీలు వేసుకుని సగం తిన్నాను. మిగతా సగం మావారు అడక్కుండానే తీసుకున్నారు.

విశాఖలో ఒక రాత్రి, బీచ్, ఇడ్లీలు, అంతే. అరకులో మాత్రం బొంగు చికెన్ నాకు చాలా నచ్చింది. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతి ఆకులతో మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క కూడా పడదు. అరకిలో 300 రూపాయలు. ఎముకలు పోగా, తోలు తీసిన కోడి కాబట్టి మొత్తం 400 కేలరీలు, ముగ్గురం పంచుకుంటే మనిషికి 150 లోపే. ఒక బండి దగ్గర బొంగులోంచి తీసి మళ్ళీ నూనెలో వేయించి ఇస్తామన్నారు. అలా ఒప్పుకుంటే ఈ లెక్కంతా పోతుంది, వద్దనండి. కాలడానికి అరగంట పైనే పడుతుంది కాబట్టి ఆకలి వేయకముందే చెప్పి పెట్టుకోండి. బొంగు మీ ఎదురుగానే నింపమనండి.