ఓపియాయిడ్ పరిహారపు సొమ్ము: ఒక పెద్ద చికిత్సా కేంద్రమా, ఊరూరా సేవలా? ఏది మేలు?

నొప్పి మాత్రల రూపంలో అమెరికాలో ఇంటింటికీ చేరిన ఓపియాయిడ్ మందులు లక్షలాది ప్రాణాలు తీసిన వ్యసనానికి దారి వేశాయి. వాటిని తయారు చేసిన, పంపిణీ చేసిన, అమ్మిన కంపెనీలపై రాష్ట్రాలు, కౌంటీలు (మన జిల్లాల వంటివి) వేసిన దావాలు చాలావరకు రాజీతో ముగిశాయి. ఆ ఒప్పందాల ప్రకారం వచ్చే సొమ్ము మొత్తం 5,000 కోట్ల డాలర్లకు పైమాటే. ఇందులో పెద్ద వాటా 2022లో ఖరారైన ఒప్పందానిది. దాని కింద మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు పంపిణీ సంస్థలు 18 ఏళ్ళలో 2,100 కోట్ల డాలర్ల వరకు, జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల డాలర్ల వరకు చెల్లించాలి. నార్త్ కరోలినాలో ఈ సొమ్ములో 85 శాతం నేరుగా కౌంటీలకు, పురపాలక సంఘాలకు వెళుతుంది. అందువల్ల దాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఎక్కడో రాజధానిలో కాకుండా కౌంటీ కమిషనర్ల బల్ల మీదే జరుగుతుంది.

ఆ బల్ల ముందుకు తరచుగా వచ్చే ప్రతిపాదనలు రెండు. మొదటిది, రోగులు కొన్ని వారాలు లేదా నెలలు ఉండి చికిత్స పొందే పెద్ద కేంద్రాన్ని కట్టడం. రెండవది, అదే సొమ్మును రోగులు ఉన్న చోటికే వెళ్ళే సేవల మధ్య పంచడం. కేంద్రం వైపు మొగ్గు చూపేవారి వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. కొన్నేళ్ళకు ఆగిపోయే ఆదాయంతో శాశ్వతంగా నిలిచే ఆస్తిని సమకూర్చుకోవడం గృహస్థు బుద్ధి. బిడ్డ ప్రాణాపాయంలో ఉన్న తల్లికి ఎక్కడికి తీసుకువెళ్ళాలో తెలిసిన ఒక తలుపు ఉండడం కూడా చిన్న విషయం కాదు.

అయితే ప్రాణాలు నిలిపేది కట్టడమా, మందా అన్న దగ్గర ఆధారాలు స్పష్టంగానే ఉన్నాయి. 2020లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం ఓపియాయిడ్ వ్యసనం ఉన్న 40,885 మంది బీమాదారుల వివరాలు తీసుకుని ఆరు రకాల చికిత్సా మార్గాలను పోల్చింది. ఈ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ అనే మందులు వాడినవారిలో అధిక మోతాదు ప్రమాదాలు, ఏ చికిత్సా పొందనివారితో పోలిస్తే, మూడు నెలల్లో 76 శాతం, ఏడాదిలో 59 శాతం తక్కువగా కనిపించాయి. కేంద్రంలో చేర్చుకుని శరీరం నుంచి మత్తును దించడం, అక్కడే ఉంచి చికిత్స చేయడం అనే మార్గంలో అలాంటి తగ్గుదల కనబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. కొన్ని వారాలు మత్తుకు దూరంగా ఉన్న శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. ఇంటికి వచ్చాక పాత అలవాటు కొద్దీ అదే మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మందు కొనసాగించకుండా మనిషిని శుద్ధి చేసి పంపడం అతన్ని మరింత ప్రమాదంలోకి పంపడమే.

రెండవ మార్గంలో ఉండేవి చూపులకు చిన్న పనులు: మామూలు క్లినిక్‌లోనే బ్యూప్రెనార్ఫిన్ రాయగల వైద్యులు, ఆగిన ఊపిరిని తిరిగి తెప్పించే నాలోక్సోన్ ముక్కు స్ప్రే పంపిణీ, ప్రాణాపాయం తప్పినవారి ఇంటికి ఒకటి రెండు రోజుల్లో వెళ్ళే బృందం, తామే ఆ వ్యసనం నుంచి బయటపడి ఇతరులకు చేయి అందించే సహాయకులు, తలదాచుకునే గది, క్లినిక్‌కు వెళ్ళడానికి బండి. ఈ చివరిదాన్ని తక్కువగా చూడకూడదు. అమెరికాలో వ్యసన చికిత్సకు మెథడోన్ ప్రత్యేక అనుమతి ఉన్న కేంద్రాలలోనే దొరుకుతుంది. చికిత్స మొదలైన రోజుల్లో దానికోసం తరచుగా వెళ్ళాల్సి ఉంటుంది. కారు లేని పల్లె మనిషికి ఆ ప్రయాణమే చికిత్సకు అడ్డుగోడ.

ఈ పోలికలో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది జైలు తలుపు దగ్గరి సంగతి. నార్త్ కరోలినా జైళ్ళ నుంచి విడుదలైనవారిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో ఓపియాయిడ్లతో చనిపోయే ప్రమాదం ఆ రాష్ట్రపు సాధారణ ప్రజలతో పోలిస్తే 40 రెట్లు ఎక్కువ. రోడ్ ఐలండ్ రాష్ట్రం 2016లో జైలు లోపలే మందులు ఇవ్వడం మొదలుపెట్టి, విడుదలయ్యాక కూడా బయటి క్లినిక్‌లలో అవి కొనసాగేలా ఏర్పాటు చేసింది. 2016 మొదటి ఆరు నెలలను 2017 మొదటి ఆరు నెలలతో పోలిస్తే, విడుదలైనవారిలో అధిక మోతాదు మరణాలు 61 శాతం తగ్గాయి. ఆ ఫలితం లోపలి మందునూ బయటి క్లినిక్‌నూ ఒకే దారంతో కట్టిన ఏర్పాటుది.

ఊరూరా సేవలకు ఒక నిజమైన బలహీనత ఉంది. అవి జీతాలతో నడుస్తాయి, సొమ్ము ఆగిన రోజున మనుషులు వెళ్ళిపోతారు. కానీ కట్టడానికీ నర్సులు, వైద్యులు, కాపలాదారులు కావాలి. తాళం వేసిన భవనం ఎవరికీ వైద్యం చేయదు. పైగా పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్, ప్రత్యేక మినహాయింపు పొందిన రాష్ట్రాలలో తప్ప, 16 పడకలు దాటిన వ్యసన చికిత్సా కేంద్రాలలో ఉండే పెద్దలకు సాధారణంగా చెల్లించదు. అదే మెడికెయిడ్ క్లినిక్‌లో ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్‌కు చెల్లిస్తుంది. నార్త్ కరోలినా 2023 డిసెంబరు 1 నుంచి మెడికెయిడ్‌ను మరింతమంది పేదలకు విస్తరించింది కనుక మందు ఖర్చును చాలావరకు బీమాకు వదిలి, బీమా చెల్లించని గది అద్దె, ఇంటింటి బృందాలు, బీమా లేనివారి చికిత్స వంటి వాటికి పరిహారపు సొమ్మును వాడితే అది ఎక్కువ కాలం వస్తుంది.

కొన్ని పడకలు అవసరమే. గర్భిణులకు, నిలువ నీడ లేనివారికి, మద్యం కూడా మానాల్సి ఉండి ఇంట్లో మానడం ప్రాణాంతకమైనవారికి లోపల ఉంచే చికిత్స కావాలి. అందుకు కొత్త భవనం కన్నా ఉన్న ఆసుపత్రులలో పడకలు తీసుకోవడం మేలు, అదీ మందులు నిరాకరించని చోట మాత్రమే. పోలీసు వాహనాలకు, పాత అప్పులకు ఈ సొమ్ము మళ్ళించడాన్ని పోలికలోకి తీసుకురావడమే తప్పు. 1998లో 46 రాష్ట్రాలు పొగాకు కంపెనీలతో కుదుర్చుకున్న ఒప్పందపు సొమ్ములో కొద్ది భాగమే పొగాకు మాన్పించే పనులకు చేరింది. ఓపియాయిడ్ ఒప్పందాలలో కనీసం 85 శాతం నష్టాన్ని సరిదిద్దే పనులకే వాడాలని పెట్టిన షరతు వెనుక ఆ అనుభవం ఉంది.

నార్త్ కరోలినా రాజధాని రాలీ నగరం పక్కనున్న కేరీ, మోరిస్‌విల్ ఊళ్ళలో స్థిరపడిన తెలుగువారు చాలామంది. పరువు పోతుందని మన ఇళ్ళలో ఈ జబ్బు పేరు ఎత్తం. ఎవరికీ తెలియకుండా పిల్లవాణ్ణి దూరంగా ఎక్కడో చేర్పించి తీసుకురావడమే చికిత్స అనుకుంటాం. ఆ రహస్యపు దారి ఎంత ప్రమాదకరమో పైన చెప్పిన అంకెలు చూస్తే తెలుస్తుంది. నార్త్ కరోలినా ఒప్పందం ప్రకారం ఈ సొమ్ము అందుకునే ప్రతి కౌంటీ ఏడాదికి ఒకసారైనా ప్రజలు హాజరు కాగలిగే సమావేశం పెట్టాలి. ఆ సమావేశానికి వెళ్ళేవారు కమిషనర్లను మొదట అడగాల్సింది ఎన్ని గదులు కట్టారని కాదు. కిందటి సంవత్సరం ఈ సొమ్ముతో ఎంతమంది వ్యసన చికిత్స మందు మొదలుపెట్టారు, వారిలో ఆరు నెలల తర్వాత కూడా ఎంతమంది వాడుతున్నారు, మన కౌంటీ జైలు నుంచి బయటికి వచ్చేవారి చేతిలో నాలోక్సోన్ పెడుతున్నారా అని అడగాలి.