కరెంటు లేని గంటల కోసం కొన్న సామాను: ఏళ్లు వాడాక ఏది నిలిచింది?

మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. కరెంటు పోతే మాకు దిక్కు ఒక ఛార్జింగ్ లాంతరు, తలకు కట్టుకునే టార్చి, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న రేడియో, ఒక పేకముక్కల కట్ట. వీటన్నిటినీ ఏళ్లుగా వాడుతున్నాం. కొన్న వారంలోనే రాసే సమీక్షలు ఎక్కువగా వెలుగు ఎంత అన్న లెక్క దగ్గరే ఆగిపోతాయి. నేను మాత్రం ఇప్పుడు ఏ వస్తువునైనా రెండే ప్రశ్నలతో తూస్తున్నాను. కరెంటు పోయిన మొదటి నిమిషంలో చీకట్లో చేతికి దొరుకుతుందా? మూడో గంటలో కూడా పని చేస్తుందా?

లాంతరుతో మొదలుపెడతాను. అట్టపెట్టె మీద వెయ్యి ల్యూమెన్లు అని గొప్పగా అచ్చువేశారు. అంత వెలుగు మాకు అవసరమయ్యేది మంచం కింద పడిపోయిన వస్తువు వెతికేటప్పుడే. గది మధ్యలో పెట్టి పూర్తి స్థాయిలో వెలిగిస్తే ఎదురుగా కూర్చున్నవారి కళ్లు పొడుస్తుంది, రెండు మూడు గంటల్లో బ్యాటరీ చేతులెత్తేస్తుంది. మేము వాడేది అన్నిటికంటే కింది మెట్టు. మైనపువత్తి వెలుగు సుమారు 12 ల్యూమెన్లు ఉంటుందనుకుంటే, ఈ కింది మెట్టు అయిదారు వత్తులకు సమానం. నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది, రాత్రంతా ఆరకుండా ఉంటుంది.

అసలు కిటుకు దాన్ని పెట్టే చోటులో ఉంది. బీరువా మీదో అలమర మీదో పెట్టి, వెలుగు తెల్లటి పైకప్పుకు తగిలేలా తిప్పాలి. అప్పుడు గది అంతటా ఒకే తీరు మెత్తని వెలుగు పరుచుకుంటుంది. ఎవరి నీడ ఎవరి చేతిలోని పుస్తకం మీద పడదు. తక్కువ వెలుగుకు కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరో ఫోను టార్చి వేసి గదంతా ఊపితే ఆ అలవాటు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మా ఇంట్లో ఫోను టార్చికి దాదాపు నిషేధం. ఏదైనా పని మీద లేచేవారు తలటార్చి తగిలించుకుని వెళ్లాలి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వెలుగు చూపు వెంటే పోతుంది. ఒకటే చిక్కు, దాన్ని పెట్టుకున్నవారు ఎవరితో మాట్లాడినా ఎదుటివారి ముఖం మీదే దీపం కొడతారు. తల వంచి మాట్లాడడం నేర్పించాల్సి వచ్చింది.

లాంతరుకు ముందు మా దగ్గర సీసపు బ్యాటరీతో పని చేసే పాతరకం ఎమర్జెన్సీ లైటు ఉండేది. కరెంటు పోగానే దానంతట అదే వెలగడం దాని గొప్పతనం, ఆ ఒక్క విషయంలో ఇప్పటి లాంతరు దానికి సాటి రాదు. కానీ ఆ రకం బ్యాటరీని ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఆ తర్వాత ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా నిలవదు. లిథియం బ్యాటరీ స్వభావం వేరు. ఊరికే ఉంచితే ఛార్జు నెమ్మదిగానే తగ్గుతుంది గానీ, ఎండ తగిలే చోట నిండు ఛార్జుతో ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. లాంతరును చల్లని మూలలో ఉంచి, రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకుంటే చాలు.

పవర్ బ్యాంకు విషయంలో అట్టపెట్టె మీది అంకెను చూసి మురిసిపోకూడదు. 20,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్‌కు, అంటే 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. అందులో నిల్వ ఉండే శక్తి 74 వాట్-అవర్లు, అంటే ఒక వాటు పరికరాన్ని 74 గంటలు నడిపేంత. 5,000 ఎంఏహెచ్ ఫోనులో సుమారు 19 ఉంటాయి. కాగితం మీద నాలుగుసార్లు నింపాలి, కానీ వోల్టేజి మార్పిడిలో కొంత వేడిగా పోతుంది కాబట్టి మూడుసార్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. మేము దాన్ని ఎక్కువగా వైఫై రౌటర్‌కే వాడుతున్నాం. 12 వోల్టులకు పెంచే కేబుల్ వేస్తే, పది వాట్లు తీసుకునే రౌటర్ అయిదారు గంటలు నడుస్తుంది. ఇంటర్నెట్ ఇచ్చేవారి వైపు కరెంటు ఉంటేనే ఇదంతా పనికొస్తుందని గుర్తుంచుకోవాలి. కరెంటు పోయాక వైరు తీసి దీనికి మార్చడంలో రౌటర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవారికి అదే తలనొప్పి అయితే రౌటర్ల కోసమే చేసిన మినీ యూపీఎస్ కొనుక్కోవడం మేలు.

రేడియో మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. మామూలు రోజుల్లో ఇంట్లోని ఛార్జర్లు, ఎల్ఈడీ దీపాలు, టీవీ అన్నీ కలిసి మీడియం వేవ్ మీద గరగర చప్పుడు పోస్తాయి. ఇరుగుపొరుగు ఇళ్లతో సహా కరెంటు పోయినప్పుడు ఆ రొద ఒక్కసారిగా ఆగిపోతుంది. మామూలుగా వినబడని దూరపు స్టేషన్లు కూడా స్పష్టంగా పలుకుతాయి. అయితే లాంతరుకూ పవర్ బ్యాంకుకూ దూరంగా పెట్టాలి, వాటిలోని సర్క్యూట్లు కూడా అదే గరగరను పుట్టిస్తాయి. వాడనప్పుడు సెల్స్ బయటికి తీసి ఉంచండి. ఆల్కలైన్ సెల్స్ కారితే లోపలి రేకులు తినేస్తాయి.

ఇక కాలక్షేపం. పైకప్పు వెలుగులో చదరంగం ఆడడం కష్టమే. నల్ల గడిలో నల్ల గుర్రం కనబడక ఆట మధ్యలో తగాదాలు వస్తాయి. పేకముక్కలు నయం, కానీ మెరుపు పూత ఉన్నవైతే కొన్ని కోణాల్లో అంకె కనబడదు. మా ఇంట్లో ఎక్కువకాలం నిలిచింది అసలు దీపమే అక్కర్లేని ఆట. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో ఇంకొకరు మాట చెప్పాలి. చిన్నపిల్లలు పెద్దలను సులువుగా ఓడిస్తారు, పెద్దలు నిఘంటువు తెమ్మని వాదిస్తారు. ఫోనులో సినిమా పెట్టుకుందామన్న మాట వచ్చినప్పుడల్లా నేను అడ్డుపడతాను. ఫోను మాట్లాడడానికి మిగలాలి.

మైనపువత్తులు ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి గానీ తీయడం మానేశాం. పిల్లలూ కర్టెన్లూ ఉన్న ఇంట్లో ఆ నిప్పుతో పనేమిటి?

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే లోపలి చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగం నిండితే 24 గంటలు. కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండవచ్చు కాబట్టి, ఫ్రిజ్ స్విచ్ ముందే ఆపి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి వేస్తాం. కరెంటు వచ్చిందని తెలియడానికి ఒక్క బల్బు స్విచ్ మాత్రం వేసి ఉంచుతాం.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే తలటార్చి అదే రకం తీసుకుంటాను. లాంతరు మాత్రం మారుస్తాను. దాని ఛార్జింగ్ రంధ్రం వదులైపోయి, వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటేగానీ ఛార్జు ఎక్కడం లేదు. సెల్ లోపల అతికించేసి ఉంది కాబట్టి బయటికి తీసి వేరే ఛార్జర్‌లో పెట్టే వీలూ లేదు. ఈసారి టైప్-సి రంధ్రం, మార్చుకోగలిగే 18650 సెల్ (పెన్సిల్ సెల్ కంటే కాస్త పెద్దగా ఉండే లిథియం సెల్), చీకట్లో తడిమితే దొరికే పెద్ద మీట ఉన్నది చూసి తీసుకుంటాను. ల్యూమెన్లు ఎన్ని రాసి ఉన్నా సరే.