ఒక్క మాట దగ్గర తడబడిన నిఘంటువు యాప్

అనువాదాలు చేసేటప్పుడు చేతికింద ఉంటుందని ఫోనులో వేసుకున్న ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు యాప్ గురించి ఈ సమీక్ష. కొత్త నిఘంటువు ఏది దొరికినా ముందుగా ‘ష్రౌడ్’ అనే మాటను వెతకడం నాకు అలవాటు. నిఘంటుకారుల ఓపిక ఎంతో అక్కడే తేలిపోతుంది.

ఈ యాప్ మొదటి అర్థంగా ‘ప్రేతవస్త్రం’ అని ఇచ్చి, పక్కనే ‘కఫన్’ అని చేర్చింది. రెండూ సరైనవే. ఏసుక్రీస్తు దేహానికి చుట్టినదని చాలామంది నమ్మే, ఇటలీలోని టూరిన్ నగరంలో ఉన్న నారవస్త్రం గురించి రాసిన చిన్న వివరణ కూడా బాగుంది: అది సుమారు 4.4 మీటర్ల పొడవు ఉంటుందనీ, 1988లో మూడు ప్రయోగశాలలు చేసిన కార్బన్ పరీక్షలో అది 1260–1390 మధ్య కాలానిదని తేలిందనీ, ఆ ఫలితంపై వాదోపవాదాలు ఇంకా ఆగలేదనీ పొల్లుపోకుండా చెప్పింది.

చిక్కంతా క్రియ దగ్గర మొదలైంది. ‘కప్పు’ అని ఒక్క మాట ఇచ్చి, ఉదాహరణగా ‘లోయ పొగమంచు ప్రేతవస్త్రంలో ఉంది’ అనే వాక్యాన్ని చూపింది. తెలుగులో లోయను పొగమంచు కమ్ముకుంటుంది. దానికి శవాన్ని గుర్తుచేసే బట్ట అక్కర్లేదు. ‘ష్రౌడెడ్ ఇన్ మిస్టరీ’ అన్నా అంతే, ‘గుట్టు వీడలేదు’ అంటే సరిపోయేదానికి ‘రహస్యంతో కప్పబడింది’ అని రాశారు.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు ఒంటిమీది దుస్తులు అనే అర్థం. శవానికి చుట్టే గుడ్డ అన్నది 16వ శతాబ్దంలో స్థిరపడింది. ఆ ఒక్క ముక్క మొదట్లో చెప్పి ఉంటే, దేన్నైనా చుట్టి, కప్పి ఉంచేది అన్న అర్థం నుంచి మిగతావన్నీ తేలిగ్గా అందేవి. కారు రేడియేటర్ ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును కూడా ష్రౌడ్ అనే అంటారు. ఫ్యాను లాగే గాలి పక్కలకు జారిపోకుండా రేడియేటరంతటి గుండా వచ్చేలా చేసేది అదే. యాప్‌లో దాని ఊసే లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం ఓడల విషయంలో ఉంది. బహువచనంలో ‘ష్రౌడ్స్’ అంటే ఓడ స్తంభం పక్కలకు ఒరిగిపోకుండా దాని పైభాగం నుంచి ఓడ రెండు అంచులకూ బిగించి కట్టే తాళ్లు. ముందువెనుకలుగా కట్టే వాటికి ‘స్టేస్’ అని వేరే పేరుంది. నావికుడు ష్రౌడ్స్ పట్టుకుని పైకెక్కాడన్న వాక్యం పెడితే, ప్రేతవస్త్రాలు పట్టుకుని ఎక్కాడని ఈ యాప్ తెలుగు చేసింది.

తప్పులు తెలపడానికి ఇచ్చిన మీట నొక్కి ఈ అర్థాన్ని వివరంగా రాసి పంపాను. రెండుసార్లు యాప్ కొత్తరూపం వచ్చింది, రంగులు మారాయి. నావికుడు మాత్రం ఇంకా ప్రేతవస్త్రాలు పట్టుకునే ఎక్కుతున్నాడు.