విటమిన్ ఇ: సహజమా, సింథటిక్కా? రెండూ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను, ఒంట్లో తేడా ఏమీ తెలియలేదు. తెలిసిందల్లా జేబుకే.

మా పర్లాకిమిడిలో మందుల షాపుకెళ్లి తెలుగులో అడిగినా, ఒడియాలో అడిగినా విటమిన్ ఇ అంటే ఆకుపచ్చ క్యాప్సూళ్ల స్ట్రిప్పే చేతిలో పెడతారు. నాకిచ్చినది సింథటిక్. ఏళ్ల తరబడి అదే మింగాను. తర్వాత మా పెద్ద బావ విశాఖ నుంచి సహజం అని రాసున్న సీసా తెచ్చిచ్చారు. ధర చూస్తే స్ట్రిప్పుకి నాలుగైదు రెట్లు! అయినా చాన్నాళ్లు అదే తెప్పించుకున్నాను.

కొనేటప్పుడు ముందున్న ఆకుల బొమ్మ చూడకండి, వెనక చిన్నక్షరాలు చదవండి. డి-ఆల్ఫా అని ఉంటే సహజం, ఎక్కువగా సోయా నూనె శుద్ధి చేసేటప్పుడు మిగిలే సరుకు నుంచి తీస్తారు. డిఎల్-ఆల్ఫా అంటే ఫ్యాక్టరీలో తయారైనది. ఇందులో ఎనిమిది రకాల అణువులు కలిసి ఉంటాయి, సహజంలో ఉండేది అందులో ఒక్కటే. మన కాలేయంలోని ఒక ప్రొటీన్ పనికొచ్చే రకాలను ఏరుకుని రక్తంలోకి పంపిస్తుంది, మిగతావి చాలావరకు వృథాయే. అందుకే అమెరికా లేబుల్ లెక్కలో 400 ఐయూ (విటమిన్ల మోతాదు కొలిచే యూనిట్) సహజమైతే పనికొచ్చేది 268 మి.గ్రా., సింథటిక్ అయితే 180.

అంటే సీసా అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే అక్కడి లెక్క ప్రకారమే పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 15 మి.గ్రా. గ్లాసు నిండాక బిందెతో పోస్తే ఏంటి, కడవతో పోస్తే ఏంటి? వంద గ్రాముల పొద్దుతిరుగుడు నూనెలోనే 40 మి.గ్రా. దాకా ఉంటుంది.

అమెరికాలో దాదాపు 40 వేల మంది ఆరోగ్యవంతులైన స్త్రీలను తీసుకుని, సగం మందికి సహజ రకమే 600 ఐయూ, రోజు విడిచి రోజు, పదేళ్లపాటు ఇచ్చి చూశారు. మొత్తమ్మీద గుండెజబ్బులూ తగ్గలేదు, క్యాన్సరూ తగ్గలేదని 2005లో తేలింది. సింథటిక్ రోజూ 400 ఐయూ తీసుకున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనబడిందని 2011లో ఇంకో పరిశోధన చెప్పింది. స్ట్రిప్పు మానేయడానికి నాకు ఇదొక్కటి చాలు.

ఏది వాడినా నూనె తగిలిన భోజనంతోనే మింగాలి. ఎండాకాలం రాత్రుళ్లు ఉల్లిపాయ కొరుక్కుంటూ ఉత్త పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) తిని వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా ఏదీ ముట్టుకోవద్దు.

ఈ సీసా అయ్యాక మళ్లీ తెప్పించను. మిగిలిన ఆకుపచ్చవి మా ఆవిడ తీసేసుకుంది, పిన్నుతో పొడిచి కొబ్బరినూనెలో పిండి తలకి రాస్తోంది. ఆ సమీక్ష తనే రాయాలి.